సున్నపు బురద నుండి సున్నపు నేల వరకు: సూక్ష్మరేణు సున్నపురాళ్ళ పుట్టుక, కూర్పు, పైర్లపై ప్రభావం

నంద్యాల జిల్లాలోని బేతంచర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల పరిసరాలలో పైమట్టిని తొలగిస్తే పలకలు పలకలుగా విడివడే నాపరాయి బయటపడుతుంది. తెలుగువారి ఇళ్ళలో అరుగులకు, గచ్చులకు, కొట్టాలకు తరతరాలుగా ఉపయోగపడుతున్న ఈ రాయిని ఎంత దగ్గరగా చూసినా అందులో విడివిడిగా రేణువులు కంటికి కనిపించవు. ఇసుకరాయిని చేతితో తడిమితే తగిలే గరుకుదనం దీనిలో లేదు. మరోవైపు, సున్నం పాళ్ళు అధికంగా ఉన్న పొలాలలో వేరుశనగ మొలిచిన కొద్ది వారాలకే లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం రైతులకు తెలిసిన విషయమే. రాయి నునుపుదనానికి, పైరు పసుపుదనానికి సంబంధం లేదనిపించవచ్చు. కాని రెండింటి వెనుకా ఉన్నది ఒకే అంశం. అది సున్నపు రేణువు పరిమాణం.

ఈ సంబంధాన్ని గుర్తించకపోవడం వలన రైతుకు నష్టం కలుగుతున్నది. 2015లో దేశవ్యాప్తంగా ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రంలో 12 అంశాలు ఉంటాయి. ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, ప్రధాన పోషకాలు, గంధకం, సూక్ష్మధాతువులు అందులో ఉన్నాయి గాని సున్నపు శాతం లేదు. ఉదజని సూచిక 8.3 అని చూసిన రైతు తన నేలను చవుడు నేలగా భావించి జిప్సం కొనవచ్చు. ఇనుము తక్కువగా ఉందని తెలిసి అన్నభేదిని నేలలో చల్లవచ్చు. ఈ రెండు ఖర్చులూ సున్నపు నేలలో చాలావరకు వృథా అవుతాయి. ఎందుకు వృథా అవుతాయో తెలియాలంటే సున్నపురాయి ఎలా పుట్టిందో, దేనితో కూడి ఉందో మొదట తెలియాలి.

సూక్ష్మరేణు సున్నపురాయి అనగా నేమి?

1959లో అమెరికా భూవిజ్ఞాన శాస్త్రవేత్త రాబర్ట్ ఫోక్ సున్నపురాళ్ళను వర్గీకరిస్తూ, సుమారు 4 మైక్రాన్ల కంటే చిన్నవైన కాల్సైట్ స్ఫటికాల సముదాయానికి మైక్రైట్ అని పేరు పెట్టాడు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. నేల శాస్త్రంలో 2 మైక్రాన్ల కంటే చిన్న రేణువులను బంకమట్టి అని, 2 నుండి 20 మైక్రాన్ల వరకు ఉన్న వాటిని ఒండ్రు అని వ్యవహరిస్తారు. అనగా మైక్రైట్ రేణువులు బంకమట్టికి, సన్నని ఒండ్రుకు సరిసమానమైన పరిమాణం గలవి. 1962లో రాబర్ట్ డన్‌హామ్ మరొక వర్గీకరణను ప్రతిపాదించాడు. రాతిలో సున్నపు బురద ఉన్నదా లేదా, పెద్ద రేణువులు ఒకదానినొకటి తాకుతున్నాయా లేక బురదలో విడిగా తేలుతున్నట్లున్నాయా అన్నది దానికి ఆధారం. నేటికీ భూవిజ్ఞానులు ఈ రెండు పద్ధతులనూ వాడుతున్నారు.

ఈ వర్గీకరణలలో బురదకు ఇంతటి ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. ప్రవాహం బలంగా ఉన్న చోట సన్నని రేణువు నిలువదు. అలలు దానిని లేపి దూరంగా కొట్టుకుపోతాయి. నీరు నిశ్చలంగా ఉన్న చోటనే అది అడుగుకు చేరుతుంది. కాలువ మొదట్లో ఇసుక, చెరువు నడుమ మెత్తని ఒండ్రు నిలవడం వంటిదే ఇది. కాబట్టి సున్నపురాయిలో మైక్రైట్ అధికంగా ఉంటే, అది ప్రశాంతమైన నీటి అడుగున పేరుకున్నదని సాధారణంగా గ్రహించవచ్చు.

కూర్పు

శుద్ధమైన కాల్షియం కార్బనేట్‌లో బరువును బట్టి 56 శాతం కాల్షియం ఆక్సైడ్, 44 శాతం బొగ్గుపులుసు వాయువు ఉంటాయి. సున్నపు బట్టీలో రాయిని కాల్చినప్పుడు పోయే బరువు ఈ వాయువుదే. మూలకంగా లెక్కిస్తే కాల్షియం 40 శాతం. కాని ఇదే రసాయన కూర్పు ప్రకృతిలో రెండు ముఖ్య స్ఫటిక రూపాలలో లభిస్తుంది. అవి కాల్సైట్, అరగోనైట్. కాల్సైట్ సాంద్రత 2.71, అరగోనైట్ సాంద్రత 2.93. అరగోనైట్ స్ఫటికాలు సాధారణంగా సన్నని సూదులవలె ఉంటాయి. ఇది స్థిరమైన రూపం కాదు; మంచినీటి స్పర్శతోను, కాలక్రమంలోను కరిగి కాల్సైట్‌గా మారుతుంది. అందువలన నేటి ఉష్ణమండల సముద్రాల బురదలో అరగోనైట్ ప్రధానంగా కనిపిస్తే, ప్రాచీన సున్నపురాళ్ళలో దాదాపు అంతా కాల్సైటే కనిపిస్తుంది.

కాల్సైట్‌లో కొన్ని కాల్షియం అణువుల స్థానాన్ని మెగ్నీషియం ఆక్రమించవచ్చు. కాల్షియం, మెగ్నీషియం సమపాళ్ళలో పొరలు పొరలుగా అమరితే అది డోలమైట్ అనే వేరొక ఖనిజం. స్ట్రాన్షియం వంటి మూలకాలు అరగోనైట్‌లో ఎక్కువగా ఇముడుతాయి. అరగోనైట్ కాల్సైట్‌గా మారేటప్పుడు అందులో చాలా భాగం బయటకు పోతుంది. మిగిలిన కొద్దిపాటి ఆనవాళ్ళను బట్టి తొలుత ఏర్పడిన బురద ఏ రూపంలో ఉండేదో శాస్త్రవేత్తలు ఊహించగలుగుతున్నారు.

ఇవిగాక బంకమట్టి, సన్నని సిలికా రేణువులు, ఇనుప ఆక్సైడ్లు, సేంద్రియ పదార్థం కూడా సున్నపురాళ్ళలో కలిసి ఉంటాయి. నలుపు, బూడిద రంగులకు సాధారణంగా సేంద్రియ కర్బనం, ఎరుపు, ఊదా ఛాయలకు ఇనుప ఆక్సైడ్లు కారణం. బంకమట్టి, సున్నం దాదాపు సరిసమానంగా కలిస్తే దానిని మార్ల్ అంటారు. ఈ కల్తీయే వ్యవసాయానికి అతి ముఖ్యం. సున్నం కరిగిపోయిన తరువాత నేలగా మిగిలేది అదే.

బురద ఎక్కడి నుండి వచ్చింది?

సున్నపు బురద పుట్టుక గురించి శాస్త్రవేత్తలలో దీర్ఘకాలంగా వాదం సాగుతున్నది. నీటి నుండి అది నేరుగా అవక్షేపించిందని ఒక పక్షం, జీవుల శరీరాల నుండి వచ్చిందని మరొక పక్షం. ఈ వాదానికి ప్రధాన క్షేత్రం అట్లాంటిక్ మహాసముద్రంలోని బహామా దీవుల చుట్టూ ఉన్న లోతు తక్కువ సముద్రం. అక్కడ అప్పుడప్పుడు నీరు పెద్ద పెద్ద మేర పాలవలె తెల్లబడుతుంది. నీటిలో తేలియాడే సన్నని సున్నపు రేణువులే ఆ తెల్లదనానికి కారణం. అవి అప్పటికప్పుడు నీటిలో ఏర్పడినవా, అడుగు బురద లేవడం వలన వచ్చినవా, సూక్ష్మజీవుల ప్రేరణతో అవక్షేపించినవా అన్నదే చర్చ.

జీవుల పాత్రకు బలమైన సాక్ష్యం ఫ్లోరిడా తీరం నుండి లభించింది. పెనిసిల్లస్, హాలిమీడా వంటి ఆకుపచ్చ శైవలాలు తమ కణజాలంలో అరగోనైట్ సూదులను పెంచుకుంటాయి. మొక్క చనిపోయి కుళ్ళగానే ఆ సూదులు విడివడి అడుగున బురదగా చేరుతాయి. 1967లో స్టాక్‌మన్, గిన్స్‌బర్గ్, షిన్ అనే పరిశోధకులు ఈ శైవలాల సంఖ్యను, పెరుగుదలను లెక్కగట్టి, ఫ్లోరిడా అఖాతపు బురదలో గణనీయమైన భాగానికి పెనిసిల్లస్ ఒక్కటే కారణం కాగలదని చూపారు. పగడపు దిబ్బలను కొరికే చేపలు, గవ్వలను తొలిచే సూక్ష్మజీవులు కూడా పెద్ద రేణువులను బురదగా మారుస్తాయి. ఇంకొక మూలం 2011లో వెలుగులోకి వచ్చింది. సముద్రపు చేపలు తాగిన నీటిలోని కాల్షియంను తమ పేగులలో కార్బనేట్‌గా మార్చి విసర్జిస్తాయి. బహామా ప్రాంతపు సున్నపు బురద ఉత్పత్తిలో సగటున 14 శాతం ఈ విధంగా వస్తున్నదని పెర్రీ, ఆయన సహచరులు అంచనా వేశారు.

ఐరోపాలోని సుద్దకు మూలం మరొకటి. ఇంగ్లండులోని డోవర్ తెల్లని కొండలు, ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతపు సుద్ద పొరలు సముద్రంలో తేలియాడే కోకోలితోఫోర్ అనే ఏకకణ శైవలాల కవచాలతో ఏర్పడ్డాయి. ఆ కవచపు పలకలు కొన్ని మైక్రాన్లే. అవి మొదటి నుండి స్థిరమైన కాల్సైట్ రూపంలోనే ఉండటం వలన పెద్దగా కరిగి గట్టిపడలేదు. కోట్ల సంవత్సరాల తరువాత కూడా ఆ సుద్ద గోటితో గీరితే రాలేంత మెత్తగానే మిగిలింది.

కర్నూలు రాళ్ళ ప్రత్యేకత

కడప భూపరివాహ ప్రాంతపు శిలలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ విస్తృతంగా పరిశీలించి 1872లో వెలువరించాడు. ఆయన వివరించిన కర్నూలు శిలా సముదాయంలో అడుగు నుండి పైకి బనగానపల్లె ఇసుకరాయి, నార్జి సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు వరుసగా ఉన్నాయి. ఈ పేర్లన్నీ రాయలసీమ ఊళ్ళ పేర్లే. ఇందులో నార్జి సున్నపురాయి ప్రధానంగా మైక్రైట్‌తో కూడినది. నాపరాళ్ళు, సిమెంటు కర్మాగారాల ముడిరాయి చాలావరకు దీని నుండే వస్తున్నాయి. తాండూరు బండలు కూడా సూక్ష్మరేణు సున్నపురాళ్ళే గాని అవి భీమా శిలా సముదాయానికి చెందినవి.

ఈ శిలలు 54 కోట్ల సంవత్సరాలకు పూర్వపు ప్రొటెరోజోయిక్ యుగానివి. అప్పటికి గవ్వలు, పగడాలు, కోకోలితోఫోర్‌లు, సున్నపు చేపలు ఏవీ పుట్టలేదు. కనుక ఫ్లోరిడా శైవలాల సమాధానం కర్నూలుకు వర్తించదు. ఆనాటి సముద్రంలో సున్నాన్ని వాడుకుని పెంకులు కట్టే జీవులు లేనందున నీటిలో కాల్షియం కార్బనేట్ గాఢత నేటికంటె ఎక్కువగా ఉండేదని శాస్త్రవేత్తల అభిప్రాయం. అటువంటి నీటిలో స్వల్ప మార్పు కలిగినా సున్నం అవక్షేపిస్తుంది. ఆ మార్పును కలిగించిన వాటిలో నీలి ఆకుపచ్చ నాచు ముఖ్యమైనది. నాచు కిరణజన్య సంయోగక్రియ కోసం నీటిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకోగానే నీటి ఉదజని సూచిక పెరుగుతుంది, సున్నం కరిగే శక్తి తగ్గుతుంది.

ఈ చర్య నేటి రైతుకు కొత్తది కాదు. చేపల చెరువులో ఉదయం తక్కువగా ఉన్న ఉదజని సూచిక మధ్యాహ్నానికి పెరగడం ఆక్వా రైతులు నిత్యం కొలిచి చూస్తున్నదే. నార్జి సముద్రంలో జరిగినదీ అదే. తేడా కాలపరిమాణంలోనే. కర్నూలు శిలల కంటె ప్రాచీనమైన వేంపల్లె డోలమైట్‌లో నాచు పొరలు పెరిగి గట్టిపడిన స్ట్రోమటోలైట్లు గోపురాల ఆకారంలో నేటికీ కనిపిస్తాయి.

బురద రాయి కావడం

కొత్తగా పేరుకున్న సున్నపు బురదలో 60 నుండి 80 శాతం వరకు ఖాళీలే. వాటిలో సముద్రపు నీరు నిండి ఉంటుంది. నాపరాయిలో ఖాళీలు అతి స్వల్పం. ఈ మార్పు ఒత్తిడి వలన మాత్రమే వచ్చినది కాదు. అరగోనైట్ సూదులు కరిగి, ఆ సున్నమే పక్కనే కాల్సైట్‌గా స్ఫటికీకరించి, ఖాళీలను పూడ్చి రేణువులను అతికిస్తుంది. తరువాత పైపొరల బరువు పెరిగినప్పుడు రేణువులు తాకే చోట్ల సున్నం కరిగి ఇతర చోట్లకు చేరుతుంది. కరగని బంకమట్టి అక్కడే గీతగా మిగులుతుంది. నునుపు చేసిన బండపై వంకరటింకరగా, కుట్టు వేసినట్లు కనిపించే నల్లని గీతలు ఇటువంటివే.

సముద్రంలోకి అప్పుడప్పుడు ఒండ్రు నీరు చేరి, సున్నపు పొరల మధ్య పలుచని బంకమట్టి పొరలు ఏర్పడ్డాయి. గడ్డపారతో తట్టినప్పుడు నాపరాయి పలకలుగా లేవడానికి కారణం ఆ బలహీనమైన పొరలే.

రాయి నేల కావడం

వర్షపు నీటిలో బొగ్గుపులుసు వాయువు కరిగి బలహీనమైన ఆమ్లం ఏర్పడుతుంది. వేర్లు, సూక్ష్మజీవులు వదిలే వాయువు వలన నేలలోని నీరు మరింత ఆమ్లత్వం పొందుతుంది. ఆ నీరు సున్నపురాయిని బైకార్బనేట్ రూపంలో కరిగిస్తుంది. నార్జి సున్నపురాయిలో ఈ విధంగా మలచబడిన బెలూం గుహల పొడవు సుమారు 3.2 కిలోమీటర్లు.

సున్నం కరిగిపోగా మిగిలే బంకమట్టి, ఇనుప ఆక్సైడ్లే నేల. రాతిలో కరగని పదార్థం 5 శాతమే అనుకుంటే, ఒక టన్ను నేల మిగలడానికి 20 టన్నుల రాయి కరగవలసి ఉంటుంది. అందువలన సున్నపురాతి మీద అక్కడే ఏర్పడిన నేలలు సాధారణంగా లోతు తక్కువగా ఉంటాయి. కుందూ లోయలోని లోతైన నల్లరేగడులకు సున్నపురాయితోపాటు నంద్యాల షేలు, నది తెచ్చిన ఒండ్రు కూడా ఆధారాలు.

కరిగిన సున్నం అంతా నదికి చేరదు. వర్షపాతం తక్కువగా, ఎండ ఎక్కువగా ఉన్న రాయలసీమ వంటి ప్రాంతాలలో నీరు కొంత లోతుకు దిగి ఆగిపోతుంది. వేర్లు ఆ నీటిని పీల్చుకోగానే సున్నం తిరిగి అవక్షేపిస్తుంది. నల్లరేగడిలో తెల్లని గుళికలుగా, మెత్తని సుద్ద పొరగా కనిపించేది అదే. దీనిలోని స్ఫటికాలు కూడా చాలావరకు మైక్రైట్ పరిమాణంలోనే ఉంటాయి. నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే, భూ వినియోగ ప్రణాళికా సంస్థ శాస్త్రవేత్తలు నల్లరేగడులపై జరిపిన పరిశోధనలలో దీని మరొక పర్యవసానాన్ని గుర్తించారు. కాల్షియం ఈ విధంగా అవక్షేపించినకొద్దీ నేల ద్రావణంలో సోడియం నిష్పత్తి పెరిగి, అడుగు పొరలలో బంకమట్టి చెదిరి నీరు ఇంకడం తగ్గుతుంది. పైపొర బాగున్న చేనులో కూడా లోపల చవుడు గుణం నెమ్మదిగా పెరగవచ్చు.

రేణువు చిన్నదైతే ఏమవుతుంది?

ఒక సెంటీమీటరు భుజం గల సున్నపురాతి ఘనానికి 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. దానినే 4 మైక్రాన్ల ఘనాలుగా చేస్తే మొత్తం ఉపరితలం 15,000 చదరపు సెంటీమీటర్లు, అనగా ఒకటిన్నర చదరపు మీటర్లు అవుతుంది. ఆ రాయి బరువు 3 గ్రాములకు లోపే. సున్నం కరగడం, భాస్వరాన్ని పట్టి ఉంచడం వంటి చర్యలన్నీ ఉపరితలం మీదనే జరుగుతాయి. కాబట్టి 10 శాతం సున్నం గుళికల రూపంలో ఉన్న నేల, అదే 10 శాతం సన్నని పొడి రూపంలో ఉన్న నేల పైరుకు ఒకటి కావు. ఒక గులకరాయి మీద, అదే రాయి పొడి మీద నిమ్మరసం పిండి చూస్తే ఈ భేదం నురుగులోనే తెలుస్తుంది.

ఈ సత్యాన్ని ఫ్రాన్సు ద్రాక్ష రైతులు భారీ మూల్యం చెల్లించి తెలుసుకున్నారు. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఫిల్లోక్సెరా అనే వేరుపురుగు అక్కడి ద్రాక్షతోటలను నాశనం చేసింది. పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష జాతుల వేరుమూలాలపై అంట్లు కట్టారు. అవి ఇతర నేలలలో బతికాయి గాని, సుద్ద నేలలు గల కోన్యాక్ వంటి ప్రాంతాలలో పసుపుబారి క్షీణించాయి. 1887లో పియర్ వియాలా అనే శాస్త్రవేత్త సున్నాన్ని తట్టుకునే జాతుల కోసం అమెరికా వెళ్ళి, టెక్సాస్‌లో ద్రాక్ష నిపుణుడు మన్సన్ సహాయంతో సున్నపురాతి కొండలపై సహజంగా పెరిగే బెర్లాండియెరి జాతిని ఎంచుకున్నాడు. దాని సంకరాలే సుద్ద నేలల తోటలను నిలబెట్టాయి. తరువాత 1942లో డ్రూయినో అమ్మోనియం ఆక్సలేట్ ద్రావణంతో చర్య జరిపే సన్నని సున్నాన్ని మాత్రమే కొలిచే పద్ధతిని రూపొందించాడు. దీనినే క్రియాశీల సున్నం అంటారు. మొత్తం సున్నపు శాతం కంటె ఇది పసుపు తెగులు ముప్పును మెరుగుగా సూచిస్తుంది.

పైరుకు కలిగే ఇబ్బంది

సున్నపు నేలలో ఇనుము లేక కాదు, అందక పైరు పసుపుబారుతుంది. ఉదజని సూచిక ఒక అంకె పెరిగితే నేల ద్రావణంలో ఫెర్రిక్ ఇనుము కరిగే శక్తి వెయ్యి రెట్లు తగ్గుతుంది. వేరుశనగ వంటి ద్విదళబీజ మొక్కలు వేర్ల చుట్టూ ఆమ్లాన్ని వదిలి ఇనుమును కరిగించుకునే ప్రయత్నం చేస్తాయి. సన్నని సున్నం నుండి వెలువడే బైకార్బనేట్ ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు హరిస్తుంది. వర్షాలు ఎక్కువై చేనులో నీరు నిలిచినప్పుడు నేలలో బొగ్గుపులుసు వాయువు చిక్కుకుని బైకార్బనేట్ ఇంకా పెరుగుతుంది. ముసురు తరువాత చేను ఒక్కసారిగా పసుపుబారడానికి, ఆరిన తరువాత కొంత కోలుకోవడానికి కారణం ఇదే.

భాస్వరం సున్నపు రేణువుల ఉపరితలంపై చేరి క్రమంగా కరగని కాల్షియం ఫాస్ఫేట్లుగా మారుతుంది. జింకు లభ్యత తగ్గుతుంది. నేలపై చల్లి వదిలిన యూరియాలోని నత్రజని అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుంది.

సున్నాన్ని తొలగించవచ్చునా?

గంధకం వేసి సున్నాన్ని హరించాలన్న ఆలోచనను లెక్కతో పరిశీలించాలి. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. సున్నం 10 శాతం ఉంటే అది 90 టన్నులు. ప్రతి 100 కిలోల సున్నానికి 32 కిలోల గంధకం కావాలి. అనగా ఎకరాకు దాదాపు 29 టన్నులు. ఇది ఏ రైతుకూ సాధ్యం కాదు. కాబట్టి సున్నపు నేలను మార్చడం కంటె, సున్నం ఉండగానే పైరుకు పోషకం అందే మార్గం చూడటమే సరైన యాజమాన్యం.

జిప్సం విషయం కూడా ఇటువంటిదే. చవుడు నేలలో సోడియంను తొలగించడానికి జిప్సం తప్పనిసరి. కాని సోడియం సమస్య లేని సున్నపు నేల ఉదజని సూచిక సాధారణంగా 8.5 దాటదు; జిప్సం దానిని చెప్పుకోదగినంతగా తగ్గించదు. సూచిక 8.5 దాటితే సోడియం కోసం పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని బట్టి జిప్సం మోతాదు నిర్ణయించాలి. ఎర్ర ఇసుక నేలలలో వేరుశనగ కాయ నిండటానికి జిప్సంలోని కాల్షియం అవసరం. సున్నపు నేలలో కాల్షియం కొరత అరుదు కాబట్టి, గంధకం లోపం పరీక్షలో తేలితేనే జిప్సం వేయడం సమంజసం.

ఆచరణీయ సూచనలు

1. మట్టి నమూనాతోపాటు సున్నపు శాతం, వీలైన చోట క్రియాశీల సున్నం పరీక్షించవలసిందిగా కోరాలి. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క వేసినప్పుడు మట్టి బుసబుస పొంగితే సున్నం ఉన్నట్లే. ఆమ్లంతో పని ప్రయోగశాల సిబ్బంది ద్వారానే జరగాలి.

2. చీనీ, నిమ్మ వంటి తోటలు వేసే ముందు 5-6 అడుగుల గుంత తీసి అడుగడుగుకు వేరుగా నమూనాలు తీయాలి. పైపొరలో సున్నం లేకున్నా మూడు, నాలుగు అడుగుల లోతున సుద్ద పొర ఉండవచ్చు. చెట్టు వేర్లు దానిని చేరేసరికి కొన్ని సంవత్సరాలు గడుస్తాయి. అప్పటికి తోటపై పెట్టిన పెట్టుబడి వెనక్కు రాదు.

3. వేరుశనగలో ఇనుప లోపం కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధితో రెండుసార్లు పిచికారి చేయాలి. నిమ్మ ఉప్పు ఇనుమును ఫెర్రస్ రూపంలో నిలుపుతుంది. ద్రావణాన్ని అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. నేలలో విడిగా వేసిన అన్నభేది త్వరలోనే పైరుకు అందని రూపంలోకి మారుతుంది.

4. భాస్వరపు ఎరువును వెదజల్లక విత్తనపు సాళ్ళకు దగ్గరగా, కొద్ది లోతున వేయాలి. మట్టితో స్పర్శ ఎంత తగ్గితే పైరుకు అంత ఎక్కువ అందుతుంది.

5. వరికి ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. దీనిని భాస్వరపు ఎరువులతో కలపరాదు. పైరుపై లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారి చేయాలి.

6. యూరియాను మట్టిలో కలిసేటట్లు వేయాలి. పశువుల ఎరువు క్రమం తప్పక వాడాలి. దాని నుండి వచ్చే సేంద్రియ ఆమ్లాలు ఇనుము, జింకులను పట్టి వేర్లకు అందిస్తాయి. మురుగునీరు పోయే కాలువలు తీయడం పసుపు తెగులుకు మందు వంటిది.

రాతి బురద చేలపైకి రారాదు

నాపరాళ్ళను కోసి నునుపు చేసే చోట్ల నీటితో కలిసి తెల్లని బురద వెలువడుతుంది. కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం అడుగున పేరుకున్న బురదనే యంత్రం తిరిగి బురదగా మారుస్తున్నదన్నమాట. రంపం, పాలిష్ రాయి కింద నలిగిన ఈ పొడి అత్యంత సన్ననిది. ఇప్పటికే సున్నం నిండిన పొలంలో ఇది చేరితే మొత్తం సున్నపు శాతం స్వల్పంగానే పెరిగినా, క్రియాశీల సున్నం గణనీయంగా పెరుగుతుంది. ఆరిన బురద పైన పొరకట్టి మొలకను, నీటి ఇంకుదలను కూడా అడ్డుకుంటుంది. దానిని కాలువలలో, పొలం గట్లపై పోయడాన్ని నివారించాలి.

అదే పొడి మరొక చోట మేలు చేయగలదు. ఉత్తరాంధ్ర గిరిజన ప్రాంతపు ఎత్తైన కొండలలో అధిక వర్షపాతం వలన నేలలు ఆమ్లత్వం పొందాయి. అటువంటి నేలలకు సున్నం వేయవలసి వచ్చినప్పుడు పొడి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా పనిచేస్తుంది. రసాయనాలు, నూనెలు కలియలేదని విశ్లేషణలో తేలిన పక్షంలో, రవాణా ఖర్చు గిట్టుబాటైన మేరకు ఈ వినియోగాన్ని పరిశీలించవచ్చు.

ముగింపు

సున్నపు నేల చెడ్డ నేల కాదు. కాల్షియం సమృద్ధిగా ఉన్నందున బంకమట్టి గుల్లగా నిలుస్తుంది; సోడియం చేరనంతకాలం మంచి దిగుబడులు ఇస్తుంది. నంద్యాల పరిసర నల్లరేగడులలో శనగ, జొన్న, వరి పండుతున్నాయి. రైతుకు నష్టం కలిగించేది సున్నం ఉండటం కాదు, ఉన్న సంగతి తెలియకపోవడం. ఉదజని సూచిక అంకె ఒక్కటే చూసి ఎరువు నిర్ణయించే పద్ధతి ఈ నేలలకు సరిపోదు. సున్నపురాళ్ళు విస్తరించిన మండలాలలోనైనా భూసార పరీక్ష పత్రంలో సున్నపు శాతానికి ఒక గడి చేర్చడం అవసరం. ఆ ఒక్క అంకె జిప్సం బస్తా కొనాలా వద్దా, అన్నభేది నేలకా ఆకుకా, చీనీ మొక్క నాటాలా వద్దా అన్న మూడు ప్రశ్నలకు రైతు పెట్టుబడి పెట్టక ముందే దారి చూపుతుంది.